సహచరుడు ఎవరివాడు? రోల్‌ప్లేయింగ్ వీడియో గేములలో ఎంపిక, నమ్మకత్వము: ఒక పరిశీలన

వీడియో గేములను గూర్చి మన సంఘములలో వినబడు ప్రశ్నలు సాధారణముగా రెండే. పిల్లవాడు ఎంతసేపు ఆడుచున్నాడు? ఆ ఆటలో రక్తపాతము ఎంత? ఇవి అడుగవలసిన ప్రశ్నలే. అయితే కొన్ని ఆటల విషయములో మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని అడుగువారు అరుదు. ఆ ఆటలో ఆడువానికి తోడుగా నడచువారు ఎవరు? వారితో అతని సంబంధము ఎట్టిది? ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సంఘములలో పరిచర్య చేయు కాపరులను, రేపు అక్కడికి వెళ్లనున్న వేదాంత విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని ఈ మూడవ ప్రశ్నను పరిశీలించుచున్నాము.

మొదట ఒక గందరగోళమును తొలగించుకొందము. ఫోనులో డబ్బు పెట్టి ఆడు రమ్మీ వంటివి మన విషయము కాదు. వాటిని తెలంగాణ ప్రభుత్వము 2017లోనే చట్టసవరణ ద్వారా నిషేధించినది. 2025లో పార్లమెంటు చేసిన చట్టము దేశమంతట డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించినది. నలుగురు జట్టుగా కూడి తుపాకులతో ఆడు పోరాటపు ఆటలును మన విషయము కాదు. మనము చూడబోవునది కథ గల ఆటలను. వీటిని రోల్‌ప్లేయింగ్ గేములు అందురు, అనగా ఒక పాత్రను ధరించి ఆడు ఆటలు. మన గ్రామములలో వీటిని ఆడువారు తక్కువే. కాని ఇంజనీరింగు చదువుటకు, ఉద్యోగము చేయుటకు హైదరాబాదు వెళ్లిన మన యౌవనస్థులకు ఇవి కొత్తవి కావు. పండుగకు ఇంటికి వచ్చి మన బల్లల మీద కూర్చుండువారు వీరే.

ఇటువంటి విషయమును ఎట్లు సమీపించవలెనో మనకు నేర్పినవాడు మన ప్రాంతములోనే పుట్టినవాడు. మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీల కుమారుడైన పాల్ హీబర్ట్ 1932లో శంషాబాదులో జన్మించెను. దక్షిణ తెలంగాణలోని కొండూరు అను గ్రామమును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1971లో వెలువడినది. ఒక ఆచారమును చూడగానే త్రోసివేయుటయు, చూడకయే అంగీకరించుటయు రెండును తప్పేయని ఆయన బోధించెను. ముందు అది ఏమిటో, దానిని పాటించువారికి అది ఏ అర్థమిచ్చునో తెలిసికొనవలెను; తరువాత వాక్యపు వెలుగులో తూచవలెను. ఊరి జాతరకు, పెండ్లి తంతుకు ఆయన వర్తింపజేసిన ఈ క్రమమును కంప్యూటరు తెరకు వర్తింపజేయకూడదనుటకు మాకు కారణము కనబడుట లేదు.

పాచిక నుండి ఎంపికకు

వైకుంఠపాళి మనకందరకు తెలిసిన ఆట. పుణ్యమునకు నిచ్చెన, పాపమునకు పాము. అయితే ఆడువాడు పుణ్యమును గాని పాపమును గాని ఎంచుకొనడు. పాచిక పడిన చోటికి పావు పోవును. నీతిని బోధించు ఆటయే, కాని అందులో నీతిమంతునికి పని లేదు. పులి-మేక ఆట దీనికి భిన్నము. అక్కడ పాచిక లేదు, ప్రతి కదలికయు ఆడువాని ఎంపికయే. కాని చనిపోయిన మేకను గూర్చి ఎవరును దుఃఖపడరు. దానికి పేరు లేదు, మాట లేదు.

ఎంపికను, పేరు గల సహచరులను ఒకచోట కూర్చినవి రోల్‌ప్లేయింగ్ గేములు. 1974లో అమెరికాలో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అను ఆటను కంప్యూటరు లేకుండ, బల్ల చుట్టు కూర్చుండి, కాగితము, పాచికలు, నోటిమాటలతో ఆడుదురు. కంప్యూటరు ఆటలు దాని సంతానమే. వాటిలో 1985లో రిచర్డ్ గారియట్ రూపొందించిన 'అల్టిమా 4' మన చర్చకు ముఖ్యము. అందులో చంపవలసిన దుష్టరాజు లేడు. యథార్థత, కనికరము, ధైర్యము, న్యాయము, త్యాగము, గౌరవము, ఆత్మీయత, వినయము అను ఎనిమిది సద్గుణములలో సంపూర్ణుడై 'అవతార్' అగుటయే ఆట లక్ష్యము. ఈ మాట మన దేశమునుండి వెళ్లినదే; క్రీస్తును అవతారమనవచ్చునా అని భారతీయ వేదాంతులు ఎంతగా తర్కించిరో మన విద్యార్థులకు తెలియును. ఆటలో దానికి అంత లోతు లేదు.

ఆ ఆటలో మూలికలమ్మువారు గ్రుడ్డివారు. ఎంత డబ్బు పెట్టవలెనో ఆటగాడే లెక్కించి పెట్టవలెను. తక్కువ పెట్టినచో అమ్మువారు ఏమియు అనరు. కాని ఆట గుర్తుంచుకొనును, యథార్థత తగ్గిపోవును. ఇది ఉపమానమువలె ఉన్నదని చెప్పక తప్పదు. అదే ఆటలో బిచ్చగానికి ధర్మము చేసినచో కనికరము పెరుగును. ఒక్కొక్క నాణెమే పదేపదే ఇచ్చి తక్కువ ఖర్చుతో కనికరమును పెంచుకొనవచ్చునని ఆటగాండ్రు కనిపెట్టిరి. సద్గుణమునకు అంకె కట్టిన వెంటనే, ఆ అంకెను చవకగా సంపాదించు మార్గము దొరకును. ఈ చిక్కు కంప్యూటరుతో పుట్టినది కాదు. పుదీనాలోను సోపులోను జీలకఱ్ఱలోను పదియవ వంతు చెల్లించిన పరిసయ్యులను మనము మరువలేదు (మత్తయి 23:23).

అంకెలలో స్నేహము

కెనడా దేశపు బయోవేర్ సంస్థ 1998లో 'బాల్డర్స్ గేట్' విడుదల చేసినది. దానితోను, 2000లో వచ్చిన రెండవ భాగముతోను సహచరులు ఈ ఆటలకు గుండెకాయ అయిరి. నాయకుని పేరు మరీ చెడిపోయినచో మంచివారు జట్టు విడిచి పోవుదురు. పేరు మరీ మంచిదైనచో దుష్టులు విడిచి పోవుదురు. అదే సంస్థ 2009లో తెచ్చిన 'డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్'లో ప్రతి సహచరునికి నాయకునిపై గల అభిమానము మైనస్ 100 నుండి ప్లస్ 100 వరకు ఒక పట్టీమీద కనబడును. మాటలచేత, క్రియలచేత అది మారును. బహుమానములచేత కూడ మారును. అభిమానము పెరిగినకొలది ఆ సహచరుని యుద్ధబలము పెరుగును. ఒకరికి నగ, ఒకరికి పుస్తకము: ఎవరికి ఏది ఇష్టమో తెలిసికొని ఇచ్చుచుండిన చాలును.

ఇక 2010లో వచ్చిన 'మాస్ ఎఫెక్ట్ 2'. అంతరిక్షములో జరుగు ఈ కథలో షెపర్డ్ అను సేనాని తిరిగి రాగలమో లేదో తెలియని దండయాత్రకు మనుష్యులను పోగుచేయును. ప్రతి సహచరునికి ఇంటి సమస్య ఒకటి ఉండును. దానిని తీర్చుటకు సేనాని వెంట వెళ్లినచో అతడు 'నమ్మకస్థుడు' అగును. నమ్మకస్థులు కానివారు చివరి దండయాత్రలో చనిపోవు అవకాశము ఎక్కువ. వీరిలో టాలి అను స్త్రీ కథను కొంచెము వివరముగా చెప్పవలెను.

టాలి ప్రజలు స్వస్థలమును పోగొట్టుకొని ఓడలలో తిరుగువారు. ఓడల సమూహమునుండి వెలివేయబడుటయే వారికి ఘోరమైన శిక్ష. పొట్టచేత పట్టుకొని ఊరు విడిచిన కుటుంబములు ప్రతి సంఘములో గల పాలమూరు కాపరికి ఈ భయమును వివరింప నక్కరలేదు. టాలిపై రాజద్రోహపు నేరము మోపబడును. ఆమె నిర్దోషి అని చూపు సాక్ష్యము సేనానికి దొరకును. కాని ఆ సాక్ష్యము ఆమె తండ్రి చేసిన ఘోరమును బయటపెట్టును. తండ్రి అప్పటికే మరణించినాడు. ఆయన పేరు చెడగొట్టవద్దని, తాను వెలివేయబడినను సరేనని ఆమె బ్రతిమాలును. సాక్ష్యము చూపినచో ఆమె విడుదలయగును, కాని సేనానిపై నమ్మకమును కోల్పోవును. ఊరకున్నచో ఆమె వెలివేయబడును, కాని సేనానికి నమ్మకస్థురాలుగా నిలుచును. ఒక మనిషికి మేలు చేయుటయా, ఆమె అడిగినది చేయుటయా? మరణపడకలయొద్ద, కుటుంబ తగాదాలలో కాపరి ఎదుర్కొను ప్రశ్న ఇదే. వీడియో గేములలో అర్థవంతమైన ఎంపిక అనగా ఏమని ఎవరైన అడిగినచో మేము చూపదగిన ఉదాహరణ ఇది.

అయితే ఆటలో మూడవ దారియు ఉన్నది. సేనాని అప్పటివరకు తగినన్ని మంచి మార్కులు గాని, కరకు మార్కులు గాని సంపాదించి యున్నచో, ఒక్క గట్టి ప్రసంగముతో న్యాయసభ నోరు మూయించి, టాలి విడుదలను, ఆమె నమ్మకమును రెంటిని దక్కించుకొనవచ్చును. పూర్వము ప్రాణములతో కాపాడిన ఇద్దరిని ఆ సభలో ఆసరాగా పిలిచియు ఈ ఫలితము పొందవచ్చును. ఈ రెండవది మాకు సమ్మతమే, పూర్వము చేసిన మేలు సాక్ష్యముగా నిలుచుట లోకములో ఉన్నదే. మొదటిది మాత్రము ఎంపికను రద్దుచేయును. తగినన్ని మార్కులున్నవాడు ఏదియు పోగొట్టుకొనడు. రచయితలు ఇంత కష్టపడి కట్టిన సిలువను ఆ పట్టీ ఊడదీయుచున్నది.

విధేయత అను మాట

ఇంగ్లీషులో ఈ ఆటలు వాడు 'లాయల్టీ' అను మాటను తెలుగులో ఏమనవలెను? పత్రికలు 'విధేయత' అని వ్రాయుచున్నవి. తెలుగు బైబిలులో విధేయత అనగా లోబడుట. మాట నిలుపుకొనువానిని బైబిలు 'నమ్మకమైనవాడు' అనును. హీబ్రూ పాతనిబంధనలో 'హెసెద్' అను మాట ఉన్నది, నిబంధనకు కట్టుబడి విడువక చూపు ప్రేమ అని దాని భావము. కీర్తనలలో అది తరచుగా 'కృప'గా మనకు వచ్చినది. లోబడుటయు, విడువకుండుటయు ఒకటి కావు.

మన రెండు జిల్లాలకు ఈ తేడా పుస్తకములో నేర్చుకొన్నది కాదు. నల్గొండ పల్లెలలో 'నీ బాంచెను దొరా' అనుట విధేయతయే. వెట్టి చేసినవారు విధేయులే. 1946 నుండి 1951 వరకు ఆ నేలపై జరిగిన సాయుధ పోరాటమును గూర్చి క్రైస్తవులలో ఏ అభిప్రాయమున్నను, ఆ విధేయత నమ్మకత్వము కాదని అది తేటపరచినది. పాలమూరు కూలీని ఆనకట్టల పనికి, కాలువల పనికి తీసికొనిపోయిన మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చుచుండెను. పండుగకో, పెండ్లికో, రోగమునకో తీసికొన్న ఆ డబ్బు కూలీని గుంపుకు కట్టివేసినది. బహుమానమిచ్చి అభిమానమును పెంచుకొను ఆటను ఈ నేలమీద నిలిచి చూచినప్పుడు అది అంత అమాయకముగా కనబడదు. క్రిస్మస్ నాడు చీరలు పంచి సంవత్సరమంతయు హాజరు లెక్కించు పద్ధతి సంఘములలో లేదని చెప్పగలమా?

విడిచి పోగల సహచరుడు

హీబర్ట్ 1978లో వ్రాసిన ఒక వ్యాసము మన సెమినరీలలో ఇప్పటికిని చదువబడుచున్నది. పాపయ్య అను నిరక్షరాస్యుడైన రైతు సువార్తను ఒక్కసారి విని క్రైస్తవుడు కాగలడా అని ఆయన అడిగెను. కొన్ని లక్షణములున్నవారిని లోపల, లేనివారిని వెలుపల ఉంచు గీత ఒక పద్ధతి. మధ్యనున్న కేంద్రమునకు ఎవరు ఎటు తిరిగి యున్నారని చూచుట మరియొక పద్ధతి. పాపయ్యకు ఎంత తెలియునని గాక, అతడు క్రీస్తువైపు తిరిగెనా అని అడుగవలెనని ఆయన భావము.

సహచరుల అభిమానపు పట్టీ గీత పద్ధతికి చెందినది. ఇంత దాటితే స్నేహితుడు, ఇంతకు తగ్గితే శత్రువు. పైగా ఆ గీతలన్నిటికి మధ్యనున్నవాడు ఆటగాడే. ఈ ఆటలలో మాకు వేదాంతపరముగా ఇబ్బందికరముగా తోచునది హింసకంటె ఇదియే. లోకమంతయు ఒక్కనిచుట్టు తిరుగును. సహచరులు అతని గుడారమునొద్ద అతని పిలుపు కొరకు వేచియుందురు.

అయినను మంచి ఆటలు ఈ గీతను తామే చెరుపుకొనుచున్నవి. 'డ్రాగన్ ఏజ్'లో అలిస్టర్ అను యువకుడు మొదటినుండి నాయకుని వెంట నడచును. లొగేన్ అను సేనాపతి యుద్ధభూమిలో రాజును, అలిస్టర్‌కు తండ్రివంటి గురువును విడిచి వెళ్లి వారి మరణమునకు కారకుడైనవాడు. కథ చివరలో ఆ లొగేన్‌ను శిక్షించుటయా, క్షమించి తమ దళములో చేర్చుకొనుటయా అను నిర్ణయము నాయకునిది. చేర్చుకొన్నచో అలిస్టర్ జట్టును విడిచిపోవును. పట్టీమీద అభిమానము నూరున్నను అతడు ఆగడు. ఇచ్చిన బహుమానములు లెక్కకు రావు. ఏలయనగా అతనికి నాయకుడు కాక మరియొక కేంద్రమున్నది: చనిపోయిన గురువునెడల ఋణము. క్షమించిన నాయకునిది తప్పా, క్షమింపలేని అలిస్టర్‌ది తప్పా అని యౌవనస్థుల కూటములో అడిగినచో గంట సరిపోదు. 2023లో వచ్చిన 'బాల్డర్స్ గేట్ 3'లోను అంతే. ఆశ్రయము కోరిన శరణార్థుల ఊచకోతలో నాయకుడు పాలుపొందినచో విల్, కార్లాక్ అను ఇద్దరు సహచరులు అతనిని విడిచి పోవుదురు.

విడిచి పోగలవాడు నిలిచినప్పుడే ఆ నిలుకడకు విలువ. దావీదు అబ్షాలోము ఎదుటనుండి పారిపోవునప్పుడు గిత్తీయుడైన ఇత్తయిని తిరిగి పొమ్మనెను (2 సమూయేలు 15:19-22). అతడు పరదేశి, నిన్న వచ్చినవాడు. రాజు దగ్గర ఇప్పుడు ఇచ్చుటకు ఏమియు లేదు. ఇత్తయి యెహోవా జీవముతోడని, రాజు జీవముతోడని ఒట్టు పెట్టుకొని వెంట నడచెను. నయోమి తన కోడండ్రను పదేపదే తిరిగి పొమ్మనెను. ఓర్పా వెళ్లెను, రూతు నిలిచెను (రూతు 1:8-18). ఓర్పాను వాక్యము నిందింపలేదని గమనింపవలెను. యేసు పండ్రెండుమందిని మీరు కూడ వెళ్లిపోగోరుచున్నారా అను భావముతో ప్రశ్నించెను (యోహాను 6:67). ఈ మూడు చోట్లను తలుపు తెరిచియున్నది. ఇత్తయి, రూతుల ఒట్టులో నాయకునికంటె పైనున్న దేవుని పేరున్నది. ఇక యోహాను 15:15లో ప్రభువు శిష్యులను దాసులనక స్నేహితులనుట విధేయతకు, నమ్మకత్వమునకు నడుమ గీచిన గీతయే.

మన చరిత్రలోని సహచరులు

ఆటలను తూచిన త్రాసులో మన చరిత్రను కూడ పెట్టుట న్యాయము. ఎల్బర్ట్ చూట్ 1880లలో పాలమూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను పని ఆరంభించెను. రష్యా దేశపు మెన్నొనైట్ బ్రదరన్ సంఘములనుండి 1889లో బయలుదేరి వచ్చిన అబ్రహాము ఫ్రీసెన్ నల్గొండలో స్థిరపడెను. వీరి వెంట పల్లె పల్లెకు నడచి, దొరగారి తెలుగును జనులకు అర్థమగు తెలుగుగా మార్చి, తిట్లు తిన్నవారు తెలుగు బోధకులు, బైబిలు స్త్రీలు. అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషను వార్షిక నివేదికల పట్టికలలో వీరు ఒక్కొక్క స్టేషను ఎదుట అంకెలుగా కనబడుదురు: దేశీయ బోధకులు ఇందరు, బైబిలు స్త్రీలు ఇందరు. కొందరి పేర్లు నివేదికల పాఠములో ఉన్నవి. పట్టికలో మాత్రము మిషనరీకే పేరు. మిషనరీల త్యాగమును తగ్గించుట మా ఉద్దేశము కాదు. కాని కథ ఎవరిచుట్టు తిరిగినది, వెంట నడచినవారు తమంతట తాము ఏమి కోరిరి, ఎప్పుడు విభేదించిరి, ఎవరు విడిచి వెళ్లిరి అని అడిగినప్పుడు ఆ పట్టికలు జవాబివ్వవు. పరిశోధన అంశము వెదకుచున్న విద్యార్థికి ఒక్క స్టేషనుకు చెందిన బోధకుల, బైబిలు స్త్రీల పేర్లను సంఘపు రిజిస్టర్లనుండి, సమాధి రాళ్లనుండి, వృద్ధుల నోటనుండి కూర్చుటయే చాలినంత పని.

కాపరి చేయదగినది

ఈ ఆటలు ఆడు యౌవనునితో మాటలాడుటకు ఆటను నేర్చుకొన నక్కరలేదు. టాలి తండ్రి విషయములో నీవు ఏమి చేసితివి? ఎందుకు? మార్కులు చాలకపోయినచో ఏమి చేసియుందువు? అలిస్టర్ వెళ్లిపోయినప్పుడు ఆటను వెనుకకు తిప్పి మరల ఆడితివా? ఈ చివరి ప్రశ్న ముఖ్యము. ఫలితము నచ్చనప్పుడు, పూర్వము భద్రపరచిన చోటినుండి మరల ఆరంభించు సౌకర్యము ఈ ఆటలన్నిటిలో ఉన్నది. 2015లో టోబీ ఫాక్స్ చేసిన 'అండర్‌టేల్' అను చిన్న ఆట ఒక్కటి దీనినే ప్రశ్నించినది: ఒకరిని చంపి, వెనుకకు తిప్పి, ఈసారి బ్రతికించినను, నీవు ముందు చేసినది నాకు తెలియునని అందులోని పాత్ర ఒకటి తెలుపును.

వెనుకకు తిప్పలేని ఎంపికకు అపొస్తలుల కార్యములు 15:36-40 కంటె మంచి పాఠ్యభాగము మాకు తెలియదు. పంఫూలియలో పనిని విడిచి వెళ్లిన మార్కును మరల వెంటబెట్టుకొని పోవుటయా మానుటయా అని పౌలు బర్నబాల మధ్య తీవ్రమైన వాదము కలిగెను. ఇద్దరిని ఒప్పించు ప్రసంగము ఎవరియొద్దను లేకపోయెను. బర్నబా మార్కును తీసికొని కుప్రకు ఓడ ఎక్కెను. పౌలు సీలను ఏర్పరచుకొనెను. ఎవరిది న్యాయమో లూకా చెప్పలేదు. పనికి తగినవాడా అని పౌలు అడిగెను, మనిషి ఏమగునని బర్నబా అడిగెనని మనము ఊహింపవచ్చును. మన కమిటీలలో ఈ రెండు ప్రశ్నలును ప్రతి సంవత్సరము ఎదురగుచున్నవి. సంవత్సరముల తరువాత చెరలోనున్న పౌలు, దేమా తనను విడిచి వెళ్లెననియు, లూకా మాత్రమే తనయొద్ద ఉన్నాడనియు వ్రాయుచు, మార్కును వెంటబెట్టుకొని రమ్మని, అతడు పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని తిమోతికి తెలిపెను (2 తిమోతి 4:10-11). ఈ మధ్యకాలములో ఆ ఇద్దరి నడుమ ఏమి జరిగెనో ఎక్కడను వ్రాయబడలేదు.